నడుం ఊడిన సిపాయిలు

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాను తగ్గించమంటారా? వద్దులెండి, ఈ ఉక్కలో ఫ్యాను ఆపితే నన్ను తిట్టుకుంటారు. నేనే గొంతు పెంచుతాను.

నేను పళ్ళ సెట్లు చేస్తాను. డాక్టర్ని కాను. డాక్టరుగారు నోట్లో అచ్చు తీసి పంపిస్తే, దాన్నిబట్టి కట్టుడు పళ్ళూ క్యాపులూ తయారుచేసే ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా పని చేస్తున్నాను, గుంటూరులోనే. కాబట్టి చిన్న వస్తువుని వేళ్ళ మధ్య పట్టుకుని గంటలకొద్దీ గీకడం నాకు అలవాటే. ఈ బొమ్మల పిచ్చి మాత్రం కొత్తది, ఆరేళ్ళది.

"పాత యాక్షన్ ఫిగర్లను ఇంట్లో బాగుచేసుకోవడం" అని పోస్టరు వేశారు. మా అమ్మ అది చూసి "అంటే ఏంటే?" అంది. తమ్ముడి సిపాయి బొమ్మలమ్మా అన్నాను. "అవింకా ఉన్నాయా?" అంది. ఉన్నాయి. ఆ సంగతి చెప్పడానికే వచ్చాను.

ఆరేళ్ళ కింద ఇంటికి రంగులు వేయిస్తుంటే, అటక మీంచి పాత బిస్కెట్ డబ్బా ఒకటి దిగింది. మూత తీస్తే లోపల పందొమ్మిది జీఐ జోలు, అదే మా తమ్ముడి సిపాయి బొమ్మలు. అయితే ఒక్కడూ మనిషిలా లేడు. ఛాతీలు ఒకచోట, కాళ్ళు ఒకచోట, బస్సు బోల్తా పడినట్టు. డబ్బా అడుగున నల్లటి చిన్న చిన్న తుంపులు. ఎలుక పెంటికలనుకుని ముక్కు మూసుకున్నాను. తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. వీడియో కాల్లో చూపిస్తే, "అన్నీ విరిగిపోయాయి కదక్కా, పారెయ్" అన్నాడు.

మర్నాడు భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చూశాను. ఆ నల్ల తుంపులు ఎలుకవి కావు. రబ్బరు. పందొమ్మిది మందిలో పద్నాలుగు మందికి ఎక్కడా చిన్న పగులు కూడా లేదు. వాళ్ళని కలిపి ఉంచిన రబ్బరు రింగు తెగిపోయింది, అంతే. రెండు మూడు రూపాయల రింగు. అది లేక పద్నాలుగు మంది చచ్చినవాళ్ళ లెక్కలో పడిపోయారు.

ఈ బొమ్మ గురించి ముందు రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. అమెరికాలో హాస్బ్రో కంపెనీ 1964లో మొదటి జీఐ జోని తెచ్చింది. అప్పుడు వాడు పన్నెండు అంగుళాల మనిషి, గుడ్డ యూనిఫారం. మగపిల్లల చేతికి "డాల్" అని ఇస్తే ఆడుకోరని భయపడి "యాక్షన్ ఫిగర్" అన్నారు. ఆ మాట అలా పుట్టింది. 1982లో వాడే మళ్ళీ వచ్చాడు, ఈసారి మూడు ముప్పావు అంగుళాలవాడు. అంతకుముందు స్టార్ వార్స్ బొమ్మలతో ఆ సైజు బాగా నడిచింది. 1983లో మోచేతి పైన చెయ్యి గుండ్రంగా తిరిగే ఏర్పాటు పెట్టారు. మన దేశంలో వీళ్ళని ఫన్‌స్కూల్ కంపెనీ తయారుచేసింది. పండక్కి ఒకటి, పరీక్షలు పాసైతే ఒకటి, అలా మా తమ్ముడు కూడబెట్టినవి అవే. మనవాటి రంగులు అమెరికా బొమ్మల రంగులతో చాలాచోట్ల కలవవు. అందుకే ఇవాళ విదేశాల్లో మన బొమ్మల కోసం ప్రత్యేకంగా వెతికేవాళ్ళున్నారు. మనం అటక మీద పడేసినవాటిని!

ఇప్పుడు ఒకణ్ణి విప్పుదాం. ఫోను పట్టుకున్న తమ్ముడూ, ఆ కెమెరా కొంచెం కిందికి వంచు. ఆఁ, అక్కడే.

వీపు మీద ఈ బెజ్జం కనిపిస్తోందా? సంచీ తగిలించేది ఇక్కడే. లోపల తొంగి చూస్తే ఒక స్క్రూ. మనిషి మొత్తానికి అదొక్కటే స్క్రూ. కూడిక గుర్తులా (+) మూతి ఉన్న సన్న స్క్రూడ్రైవర్, సున్నా నంబరుది, తీసుకోండి. కళ్ళజోళ్ళు బిగించే చిన్న సెట్టులోది కాకుండా కొంచెం పిడి లావుగా ఉన్నది కొనండి, పట్టు బాగుంటుంది. స్క్రూ తలలో మట్టి ఉంటే ముందు గుండుసూదితో తవ్వి తీసేయాలి. స్క్రూడ్రైవర్ గట్టిగా నొక్కి పట్టుకుని తిప్పాలి. నొక్కకుండా తిప్పితే తల అరిగిపోతుంది. తల అరిగిందంటే ఇక ఆ రోజంతా దానికే.

వీపు వచ్చేసింది. చూశారా, లోపల ఏముందో? ఏమీ లేదు. రెండు చేతులు గూళ్ళలో కూర్చుని ఉంటాయి, మెడ ఒక గాడిలో ఉంటుంది. మధ్యలో ఈ పొట్టి స్తంభం ఉంది కదా, రింగు పైకొస దానికి తగులుతుంది. అక్కణ్ణుంచి నడుము ముక్కలోంచి కిందికి దిగి, ఈ ఇనప కొక్కేనికి తగులుతుంది. కొక్కేనికి అటూ ఇటూ కాళ్ళు. అంటే వీడు నిలబడటం, కూర్చోవడం, నడుం తిప్పడం, అన్నీ ఆ ఒక్క రింగు సాగుడు మీదే. మా ల్యాబులో లక్ష రూపాయల పని చేస్తాం కానీ, ఇంత తక్కువ సామానుతో ఇన్ని కదలికలు నేనెక్కడా చూడలేదు.

రింగు ఎందుకు తెగుతుంది? గాలిలో ఓజోన్ కొద్దిగా ఎప్పుడూ ఉంటుంది. అది రబ్బరుని కొరుకుతుంది. వదులుగా ఉన్న రబ్బరు కంటే సాగి ఉన్న రబ్బరు మీద దాని పని ఎక్కువ. సైకిల్ టైరు పక్కలు బీటలిచ్చినట్టే. ఇక వేడి సంగతి సరే సరి. మా అటక మీద మే నెలలో చెయ్యి పెడితే కాలుతుంది. ఇందులో తయారుచేసినవాళ్ళ తప్పేం లేదు. ఏ దేశంలో చేసిన రింగైనా ముప్పై నలభై ఏళ్ళకి ఇదే గతి.

కొత్త రింగు కోసం నేను విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. ఆయిల్ సీళ్ళు, ఓ-రింగులు అమ్మే షాపు. కొలత తెలీదు, పాత రింగు తుంపులైపోయింది. అందుకని సిపాయి మొండెం, కాళ్ళూ తీసుకెళ్ళి కౌంటరు మీద పెట్టాను. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ బండిదమ్మా ఇది?" అన్నాడు. (నవ్వులు) చెప్పాక మాత్రం ఆయనే కుర్చీ వేసి, డబ్బాలో రింగులన్నీ పోసి, ఒక్కొక్కటే తగిలించి చూశాడు. కుదిరిన కొలత రాసుకోండి: లోపలి వ్యాసం అర అంగుళం, మందం అంగుళంలో పదహారో వంతు. మిల్లీమీటర్లలో అడిగితే పన్నెండున్నర, ఒకటిన్నర దగ్గర్లో ఉంటుంది. మందం ఎక్కువైతే వీపు మూసుకోదు. వ్యాసం తక్కువైతే వాడు ఎప్పుడూ అటెన్షన్‌లోనే ఉంటాడు, కాళ్ళు వంగవు, బలవంతం చేస్తే నడుము ముక్క విరుగుతుంది. నల్లటి నైట్రైల్ రింగు చాలు. ఈపీడీఎం అనే రకం రబ్బరుది దొరికితే ఇంకా మంచిది, దానికి ఓజోన్ భయం లేదు. సిలికాన్ రింగు చూడ్డానికి బాగుంటుంది గాని ఎక్కడైనా చిన్న గాటు పడితే చిరిగిపోతుంది.

ఎక్కించడానికి మా అమ్మ క్రోషే సూది వాడతాను. రింగుని కొక్కేనికి తగిలించి, సూదిని నడుము ముక్క పైనుంచి దింపి, రింగు కొస పట్టుకుని ఇలా... లాగి... ఆఁ. స్తంభానికి తగిలిస్తే అయిపోయింది. చేతులు గూళ్ళలో పెట్టి, తల పెట్టి, వీపు మూయడమే. ఇక్కడ ఒక్క మాట, దయచేసి గుర్తుపెట్టుకోండి. స్క్రూ పెట్టగానే కుడివైపు బిగించకండి. ముందు ఎడమవైపు, అంటే విప్పే వైపు, మెల్లగా తిప్పండి. ఒకచోట "టక్" మని చిన్నగా దిగినట్టు వేలికి తెలుస్తుంది. పాత మరలో కూర్చుందన్నమాట. అప్పుడు కుడివైపు తిప్పాలి. అలా కాకుండా నేరుగా బిగిస్తే ప్లాస్టిక్‌లో కొత్త మర తవ్వుకుంటూ పోతుంది. రెండుసార్లు అలా చేస్తే ఇక స్క్రూ పట్టదు, ఉత్తినే తిరుగుతుంది. వీపు మూసుకోగానే ఆపేయండి. ఇంకొక్క చుట్టు అనుకున్నారంటే భుజం దగ్గర చీలుతుంది.

నిలబడ్డాడు. చప్పట్లు నాకు కాదండీ, ఆటోనగర్ ఆయనకి కొట్టండి.

ఈ పద్నాలుగు మందినీ ఒక్క ఆదివారం నిలబెట్టేశాను. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఆ ఊపులో మిగతా అయిదుగురి మీద పడ్డాను. అక్కడ నేను చేసిన పాడు, ముప్పై ఏళ్ళ కాలం కూడా చేయలేదు.

ఒకడికి ఛాతీ మీద వెంట్రుకంత పగులు. మా ల్యాబులో పళ్ళ సెట్టు విరిగితే అతికే పద్ధతి ఒకటుంది. గులాబీరంగు పొడి, ఒక ద్రవం. రెండూ కలిపితే రాయిలా గట్టిపడుతుంది. అన్నేళ్ళ అనుభవం కదా, ఆలోచించే పనేముంది? ఆ ద్రవం బ్రష్షుతో ముంచి పగులు మీద రాశాను. పది సెకన్లలో ఛాతీ మీది పతకాలు, జేబులు, గుండీలు అన్నీ వేడి పెనం మీద వెన్నలా మెత్తబడి కలిసిపోయాయి. కంగారుపడి వేలితో తుడిచాను. నా వేలిముద్ర పడింది. ఇదిగో వీడే. చేతికి చేతికి మార్చుకుంటూ చూడండి. ఛాతీ మీద గీతలు గీతలుగా కనిపిస్తోందే, అది నా కుడిచేతి బొటనవేలు.

జరిగిందేమిటంటే, పళ్ళ సెట్టు ఒక రకం ప్లాస్టిక్, ఈ బొమ్మ ఎక్కువ భాగం ఏబీఎస్ అనే ఇంకో రకం. ఆ ద్రవం ఏబీఎస్‌ని కరిగిస్తుంది. గోళ్ళరంగు తుడిచే రిమూవర్లో అసిటోన్ ఉంటుంది, అదీ అంతే. పెట్రోలు, థిన్నరు కూడా దగ్గరికి రానివ్వకండి. స్పిరిట్ ప్లాస్టిక్‌ని కరిగించదు గాని కొన్ని రంగుల్ని లేపేస్తుంది. ఏది రాయాలన్నా ముందు ఇయర్‌బడ్‌తో కనపడనిచోట, వీపు లోపలి వైపు, చుక్క పెట్టి అయిదు నిమిషాలు ఆగి చూడండి. నేనా అయిదు నిమిషాలు ఆగలేదు.

అందుకే ఇప్పుడు ఏ బొమ్మ వచ్చినా నేను మొదట చేసేది కడగడం. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, చిన్నపిల్లల టూత్‌బ్రష్షు. కళ్ళు, కనుబొమ్మలు, బ్యాడ్జీలు, ఇలా రంగు ఉన్నచోట బ్రష్షు వద్దు, వేలితోనే. నానబెట్టకండి. మోచేతులకీ మోకాళ్ళకీ ఇనప రివెట్లుంటాయి, తుప్పు పడతాయి. కడిగాక గుడ్డ మీద బోర్లా పడుకోబెట్టి, ఫ్యాను కింద ఒక రాత్రి వదిలేయండి. నవ్వకండి గాని, సగం బొమ్మలకి ఈ స్నానం, ఆ రింగు, అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

మిగిలిన సగంలో ఎక్కువమందికి ఉండే జబ్బు బొటనవేలు. పిల్లలు తుపాకీ పిడిని పిడికిట్లోకి దూరుస్తారు, వేలు పట్ అంటుంది. అసలు తుపాకీ పెట్టేముందు చేతిని వేడినీళ్ళలో, మరిగే నీళ్ళు కాదు, టీ తాగే వేడిలో, అర నిమిషం ముంచితే వేలు కొంచెం సాగుతుంది. అది తెలియక ప్రపంచమంతా ఎన్ని వేళ్ళు పోయాయో! వేళ్ళ సంగతి వచ్చింది కాబట్టి ఒక తమాషా. ఆ 1964 నాటి పెద్ద జోకి కుడి బొటనవేలి గోరు తప్పువైపు ఉంటుంది. లోపలి వైపు. మొదట పొరపాటే. తర్వాత దాన్ని అలాగే ఉంచారు, ఎవడైనా కాపీ కొడితే ఆ తప్పుతో సహా కొడతాడు, దొరికిపోతాడని.

విరిగిన వేలు దొరికితే ఫెవిక్విక్ చుక్క వేసి అంటించేద్దామనుకుంటారు. అంటుకుంటుంది. మళ్ళీ తుపాకీ పెట్టగానే అక్కడే ఊడుతుంది. ఎందుకంటే ఆ అతుకు మూడు మిల్లీమీటర్ల వెడల్పు కూడా ఉండదు, పక్కకి వంచే బలాన్ని తట్టుకోదు. దానికి లోపల ఎముక కావాలి. పన్ను పూర్తిగా అరిగిపోతే వేరులో పిన్ను దింపి దాని మీద క్యాపు కడతాం చూశారా, అదే పద్ధతి. చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు, పిన్ వైస్ అంటారు, తెచ్చుకోండి. సన్న డ్రిల్లు బిట్లు ఎలక్ట్రానిక్స్ సామాను షాపుల్లో దొరుకుతాయి, సర్క్యూట్ బోర్డులకి బెజ్జాలు వేసేవి. హైదరాబాదు వెళ్తే కోఠీ గుజరాతీ గల్లీలో అడగండి. బిట్టు అర మిల్లీమీటరుది అయితే చాలు. కరెంటు డ్రిల్లు వద్దు, ఆ వేడికి ప్లాస్టిక్ కరిగి బిట్టుకి చుట్టుకుంటుంది. వేలికి ఒక బెజ్జం, చేతికి ఒక బెజ్జం, రెండేసి మిల్లీమీటర్ల లోతు. రెండూ ఎదురెదురుగా రావడానికి, ఒకదాని మీద చుక్క రంగు పెట్టి రెండోదాన్ని దానికి ఆనిస్తే గుర్తు పడుతుంది. లోపల తీగ. నేనైతే పళ్ళకి క్లిప్పులు వేసే స్టీలు తీగ, 0.4 మిల్లీమీటర్లది, వాడతాను. మీరు గిటారు తీగ ముక్క వాడుకోవచ్చు. జిగురు టూత్‌పిక్ కొసన అంటినంత చాలు. ఎక్కువ వేస్తే చుట్టూ తెల్లగా బూజు పట్టినట్టు అవుతుంది.

వేలు దొరక్కపోతే కొత్తది చేయాలి. తీగ దింపి, దాని చుట్టూ ఎంసీల్ పెట్టి, తడి టూత్‌పిక్‌తో వేలిలా దిద్ది, ఒక రాత్రి వదిలేస్తే గట్టిపడుతుంది. చిన్న చిన్న సొట్టలకి ఇంకో దారి ఉంది: తినే సోడా చిటికెడు వేసి దాని మీద ఫెవిక్విక్ చుక్క. అప్పటికప్పుడే రాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు కొండపల్లి గుర్తొచ్చింది. అక్కడ తెల్లపొణికి కర్రతో చేసిన బొమ్మకి చెయ్యీ కాలూ అతకడానికి చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి పూస్తారు, మక్కు అంటారు దాన్ని. జిగురుకి పొడి కలిపితే నింపుడు మందు అవుతుందని వాళ్ళకెప్పటి నుంచో తెలుసు. ఈ సోడా అతుకు మాత్రం మళ్ళీ ఊడదీయడానికి కుదరదు, చూసుకుని వేయండి.

పట్టుకుంటే జారుతూ, కొవ్వొత్తిని ముట్టుకున్నట్టుండే ప్లాస్టిక్ ఉంటుంది. దానికి ఏ జిగురూ పట్టదు. పిన్నే దిక్కు. నడుము ముక్క విరిగితే మాత్రం నేను అసలు ప్రయత్నించను. బరువంతా అక్కడే పడుతుంది. ఇంకో చచ్చిన సిపాయి నుంచి తెచ్చి పెట్టడమే.

తర్వాత పసుపు. తెల్లబొమ్మ ఉన్నవాళ్ళందరి బాధ ఇదే. 1984లో స్టార్మ్ షాడో అని తెల్లబట్టల నింజా వచ్చాడు. వాణ్ణి ఇవాళ ఎక్కడ చూసినా పాత వార్తాపత్రిక రంగులో ఉంటాడు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలో ఆక్సిజన్ కలిసి ప్లాస్టిక్‌ని అలా మారుస్తాయి. దీనికి మందు హైడ్రోజన్ పెరాక్సైడ్. పళ్ళు తెల్లబరచడానికి క్లినిక్కుల్లో వాడేది అదే, అందుకే నాకు దాంతో పాత పరిచయం. మందుల షాపులో 6 శాతం దొరుకుతుంది. బ్యూటీ పార్లర్లలో జుట్టు రంగుకి కలిపే క్రీము 12 శాతం దాకా ఉంటుంది. మా క్లినిక్కుల్లో 35 శాతం ఉంటుంది, అది ఎవరైనా ఇస్తానన్నా తీసుకోకండి, చర్మం కాలిపోతుంది. 6 శాతానికైనా గ్లవ్స్, కళ్ళకి అద్దాలు ఉండాల్సిందే.

బొమ్మని పూర్తిగా విప్పి, స్క్రూ, కొక్కెం బయట పెట్టి, తెల్ల ముక్కల్ని మాత్రం గాజు గ్లాసులో వేసి మునిగేలా పోసి ఎండలో పెట్టాలి. మూత బిగించకండి, లోపల గ్యాస్ పుడుతుంది. మన గుంటూరు ఎండ గురించి మీకు చెప్పాలా? మే నెలలో మధ్యాహ్నం పెడితే బొమ్మ ఉడుకుతుంది. ఉదయం ఎనిమిది నుంచి పది లోపు, అరగంటకోసారి తిప్పుతూ చూడండి. రంగు బొమ్మలకి మాత్రం ఇది వద్దు. ఒకాయన ఎర్రచొక్కావాణ్ణి ఇలా ఎండబెట్టి గులాబీరంగువాణ్ణి చేసి తెచ్చాడు.

ఇంత కష్టపడినా, ఆ పసుపు మళ్ళీ కొన్నాళ్ళకి రావచ్చు. మా తమ్ముడి నింజా రెండేళ్ళకి మళ్ళీ పచ్చబడ్డాడు. రెండోసారి నేను ముట్టుకోలేదు. లేత పసుపు అయితే వదిలేయమనే నా సలహా. అరవై ఏళ్ళాయనకి పాలపళ్ళలాంటి తెల్లటి సెట్టు పెడితే మొహం ఎలా ఉంటుంది? షేడు ఎంచేటప్పుడు మేం డాక్టర్లతో పోట్లాడేది దాని గురించే.

వదులైపోయిన కీళ్ళకి ఫెవికాల్ చాలు. తెల్ల ఫెవికాల్‌లో కొంచెం నీళ్ళు కలిపి కీలులోకి చుక్క దింపి, ఆరేదాకా మధ్యమధ్యలో ఆడిస్తూ ఉండాలి. లోపల పలచటి పొర కడుతుంది, పట్టు వస్తుంది. నచ్చకపోతే గోరువెచ్చని నీళ్ళలో కరిగించి తీసేయొచ్చు. ఫెవిక్విక్‌తో కూడా ఇది చేస్తారు. నేను చేయను. ఒక్క క్షణం ఏమరితే మోచెయ్యి ఇక జన్మలో వంగదు.

దూరదర్శన్‌లో చూసిన హీ-మ్యాన్ ఉన్నాడు కదా, వాడి రెండు కాళ్ళ మధ్య లోపల రబ్బరు పట్టీ ఉంటుంది. అది పోయినా ఇదే కథ, వేరే రకం సాగే తాడుతో కట్టుకోవాలి. వాడి తల మెత్తటి పీవీసీ, వేడినీళ్ళలో పెడితే ఊడి వస్తుంది. ఆ మెత్తటి పీవీసీ వయసు పైబడితే జిగటగా చెమట పడుతుంది. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటిది బయటికి వస్తుందన్నమాట. సబ్బునీళ్ళతో కడిగి, విడిగా ఉంచండి. జిగట పీవీసీని గట్టి ప్లాస్టిక్ బొమ్మకి ఆనించి ఏళ్ళ తరబడి పెడితే, ఆనినచోట ఆ గట్టిది కూడా కరిగి గుంట పడుతుంది.

రంగు వేయడం గురించి అడుగుతారని తెలుసు. వేయొచ్చు. యాక్రిలిక్ రంగులు, పలచగా, ఒకటి ఆరాక ఒకటి. మెత్తటి పీవీసీ మీద ఎనామిల్ మాత్రం వద్దు, నెలలు గడిచినా చేతికి అంటుతూనే ఉంటుంది. కానీ నేను చాలావరకు వేయను. 1982లో వచ్చిన మొదటి స్నేక్ ఐస్ అనే సిపాయికి ఖర్చు తగ్గించడానికి అసలు రంగే వేయలేదు, నల్ల ప్లాస్టిక్ అంతే, వాడికే అందరికంటే ఎక్కువ పేరొచ్చింది. మా తమ్ముడు కనుబొమ్మ ఒకటి బాల్‌పెన్నుతో దిద్దిన సిపాయి ఉన్నాడు. దాన్ని తుడవడానికి నాకు చెయ్యి రాలేదు. మొన్న ఫోటో పంపితే తమ్ముడు, "అది నేను కాదు, నువ్వే గీశావు, అప్పుడు కొట్టుకున్నాం కూడా" అన్నాడు. నాకు గుర్తులేదు మరి.

మా ల్యాబులో ప్రతి కేసుకీ ఒక స్లిప్పు ఉంటుంది. ఏ పన్ను, ఏ షేడు, ఏం వాడాం, ఏ తేదీ. బొమ్మలకి కూడా అదే పెట్టాను. ఒక్కొక్కడికీ ఒక జిప్ కవరు, అందులో చిన్న కాగితం: "రింగు మార్చాను. కుడి బొటనవేలు కొత్తది. రంగు వేయలేదు." అమ్మినా, ఎవరికైనా ఇచ్చినా కాగితం బొమ్మతోనే వెళ్ళాలి. అతికిన వేలిని అసలు వేలని చెప్పి ఎక్కువ డబ్బులు తీసుకునేవాళ్ళున్నారు. అది బాగుచేయడం కాదు, దానికి వేరే పేరుంది.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

ఆఁ, చెప్పండి పెద్దాయనగారూ. మనవడికి ఆడుకోవడానికి ఇవ్వొచ్చా అంటున్నారు. ఎంత వయసండీ? మూడేళ్ళా? వద్దండీ. తుపాకీలు మింగేంత చిన్నవి. అదీకాక పాత రంగుల్లో, పాత ప్లాస్టిక్ రంగుపొడుల్లో సీసం, కాడ్మియం ఉండే అవకాశం ఉంది. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. మనం కూడా వాటిని పొడిగా గరుకు కాగితంతో రుద్దకూడదు. నీళ్ళతో తడిపి రుద్దాలి, మాస్కు పెట్టుకుని.

ఎక్కడ దాచాలి అంటున్నారా అమ్మా? అటక మీద తప్ప ఎక్కడైనా. బీరువాలో బట్టల అర బాగుంటుంది. ఎండ పడదు, వేడి తక్కువ. సిలికా జెల్ పొట్లాలు చెప్పుల డబ్బాల్లో వస్తాయి కదా, పారేయకండి, అందులో పడేయండి. బొమ్మని కూర్చోబెట్టి కాకుండా తిన్నగా పడుకోబెట్టండి, రింగు మీద లాగుడు తక్కువ ఉంటుంది.

వెనక ఎవరో చెయ్యెత్తారు. ఏంటి బాబూ? బొమ్మ తెచ్చావా? రా, రా ముందుకి. స్టీలు టిఫిన్ బాక్సులో తెచ్చాడు చూడండి, అన్నం మెతుకు కూడా అంటుకుని ఉంది. మీ నాన్నగారిదా? స్క్రూ తిరగడం లేదా? ఇలా చూపించు. ఓహో, తల మొత్తం తుప్పు. మీది బాపట్ల వైపా? ఉప్పుగాలి మరి. బలవంతం చేయలేదు కదా? మంచి పని చేశావు.

దీన్ని ఇప్పుడే తీద్దాం, అందరూ చూడొచ్చు. కెమెరా తమ్ముడూ, ఆ సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టు. కాలిన మొన స్క్రూ తల మీద మూడు నాలుగు సెకన్లు ఆనిస్తే, ఆ వేడికి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కొంచెం పట్టు వదులుతుంది, వెంటనే తిప్పేయాలి. బయటికొచ్చాక స్క్రూని నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, కలిపిన నీళ్ళలో ఒక పూట వేస్తే తుప్పు పోతుంది. ఐరన్ వేడెక్కేలోపు ఈ స్క్రూ తలలో తుప్పు పొరలు తవ్వుదాం. గుండుసూది ఎవరి దగ్గరైనా ఉందా? పిన్నీసైనా సరే, ఇలా ఇవ్వండి.